ఇసుక వేడి చెప్పిన ముచ్చట

మంట దగ్గరికి జరుగు బిడ్డా, చలి ముదిరింది. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ అయింది, పాముల మీదనో తొండల మీదనో పరిశోధన చేస్తనంటున్నవు గదా. మా కాలం ముచ్చట చెప్త, విను.

1970ల్లో యూనివర్సిటీలో శరీరధర్మశాస్త్రమంటే కప్పే. దాని పిక్క కండరాన్ని నరంతో సహా విడదీసి కరెంటు తగిలించేది. కండరం ముడుచుకున్నప్పుడల్లా మసి పట్టించిన డ్రమ్ము మీద తెల్లటి గీత పడేది. ఆ మసికాయితాన్ని వార్నిష్‌లో ముంచి, ఆరబెట్టి, రికార్డులో అతికించేవాళ్లం. బతికున్న కప్ప చెరువులో ఎట్ల బతుకుతుందో ఎవరూ అడిగేవాళ్లు కాదు. నన్ను మాత్రం ఆ ప్రశ్నే తొలుస్తుండేది.

అదే కాలంలో దేశంలో మొసళ్లు అడుగంటినయి. తోలు కోసం వేటాడి నదులను ఖాళీ చేసిండ్రు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1975లో ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో మొసళ్ల ప్రాజెక్టు మొదలైంది. ఏటి ఒడ్డు నుంచి గుడ్లు తెచ్చి పొదిగించుడు, పిల్లలను పెంచి మళ్ల నీళ్లలో వదులుడు దాని పని. అందుకు కావలసిన మనుషులను తయారు చేసే సంస్థ మన హైదరాబాదులోనే పెట్టిండ్రు. 1978లో మంజీరా నదిలో కొంత భాగం అభయారణ్యమైంది. మా సారు దగ్గర అనుమతి తీసుకొని, థర్మామీటరూ నోటుబుక్కూ పట్టుకొని నేను ఆ ఒడ్డుకు పోయిన.

అక్కడ నా గురువులు చేపలు పట్టేవాళ్లు. ఇసుక మీద తోక ఈడ్చిన గీత చూసి మొసలి ఎటు పోయిందో చెప్పేవాళ్లు. మగ్గర్ మొసలి ఎండలు ముదరక ముందే ఒడ్డున గుంత తవ్వి, పాతిక ముప్పై గుడ్లు పెడుతది. గుడ్డును కదిలించే ముందు పైభాగాన పెన్సిల్‌తో గుర్తు పెట్టాలె. పెట్టిన ఒక రోజుకే పిండం పెంకు లోపలికి అంటుకుంటది. తర్వాత గుడ్డు తిరగబడితే పిల్ల చచ్చిపోతది. పొదిగే పెట్టెలో పెట్టేదాక ఆ గుర్తు ఆకాశం దిక్కే ఉండాలె.

ఇక మొసలి దినచర్య చూడు. పొద్దున ఒడ్డెక్కి ఎండకు పడుకుంటది, ఒళ్లు కాగినాక నోరు తెరుస్తది, ఇంకా వేడెక్కితే నీళ్లలోకి జారుతది. మనలెక్క తిన్న తిండిని కరిగించి ఒళ్లు వెచ్చగ ఉంచుకోదు. ఎండనూ నీడనూ నీళ్లనూ వాడుకొని తన వేడిని తానే సర్దుకుంటది. కాలిఫోర్నియా ఎడారి బల్లులను చూసి కౌల్స్, బోగర్ట్ అనే శాస్త్రవేత్తలు 1944లోనే ఈ సంగతి రాసిండ్రు. పుస్తకంలో చదివింది మంజీరా ఒడ్డున కండ్లారా చూసినంక నా దారి ఖాయమైంది.

అసలు ముచ్చట గుడ్లది. మనకు ఆడా మగా అన్నది క్రోమోజోములు తేలుస్తయి. మొసలికి గూటి వేడి తేలుస్తది. 1966లో డాకర్‌లో మడ్లెన్ షార్నియే అనే శాస్త్రవేత్త ఒక తొండ జాతిలో ఇది గుర్తించింది. 1982లో ఫెర్గూసన్, జోనెన్ అనేవాళ్లు అమెరికా ఆలిగేటర్ల మీద చూపించిండ్రు: 30 డిగ్రీలు, అంతకు తక్కువైతే అన్నీ ఆడవి. 34, అంతకు ఎక్కువైతే అన్నీ మగవి. మన మగ్గర్ లెక్క 1989లో మద్రాసు క్రొకడైల్ బ్యాంకు పని నుంచి తేలింది. జెఫ్రీ లాంగ్, హ్యారీ ఆండ్రూస్, రోములస్ విటేకర్ చూస్తే, 28 నుంచి 31 డిగ్రీల దాక అన్నీ ఆడపిల్లలే, 32.5 దగ్గర అన్నీ మగపిల్లలే. ఒకటిన్నర డిగ్రీలో తరమే మారిపోతది. పొదిగే పెట్టెను ఒక్క వేడిలోనే ఉంచితే నదిలోకి పోయేవన్నీ ఆడవో, అన్నీ మగవో కావచ్చు. తర్వాత వాటికి జోడు ఎక్కడిది?

అందుకే చెప్తున్న. ల్యాబు పని నేర్చుకో, అది లేకుంటే నడవదు. ఇయ్యాల హైదరాబాదులోనే అంతరించిపోయే ప్రాణులను కాపాడేందుకు సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్లు పెట్టిన ల్యాబు లాకోన్స్ ఉన్నది, మా కాలంలో అటువంటిది లేదు. కాని జంతువు ఒళ్లు ఒక్క చర్మంతోనే ఆగిపోదు, అది పడుకున్న ఇసుక దాక పోతది. ఒడ్డున చెట్టు కొట్టినా, ఇసుక లారీలకు ఎత్తినా గూటి వేడి మారుతది, పుట్టే పిల్లలు మారుతరు. నువ్వు ఏ ప్రాణిని ఎంచుకున్నా సరే, మొదటి ఏడాది అది ఉన్న చోటనే గడుపు. ఆ తర్వాతనే దాన్ని కొలువు.