దారి చెప్పేవాడు

నంద్యాల బస్టాండులో మాకు రెండే పద్ధతులు. కండక్టర్ "ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప" అని కేకేస్తే వినడం; లేదా మనమే "ఆళ్లగడ్డకు ఏది పోతాదన్నా?" అని అడగడం. నెట్‌వర్క్‌లో కొత్తగా చేరిన కంప్యూటర్ బయటికి దారి చూపే రౌటర్‌ని కనుక్కునేదీ ఇలాగే అని ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

మొదట్లో రౌటర్ చిరునామాని ఫైల్లో చేత్తో రాసిపెట్టేవాళ్లు. లేదా రౌటర్ల మధ్య నడిచే మాటల్ని కంప్యూటర్ చాటుగా వినేది. 1991 సెప్టెంబర్‌లో స్టీవ్ డీరింగ్ సంపాదకత్వంలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 1256 ఇంకో దారి చూపింది. రౌటర్ మామూలుగా 7 నుంచి 10 నిమిషాలకోసారి తానున్నానని చాటుతుంది. అప్పుడే లేచిన కంప్యూటర్ అంతసేపు ఆగక్కర్లేదు, తనే అడగొచ్చు. అరగంటపాటు చాటింపు వినబడకపోతే ఆ రౌటర్‌ని మర్చిపోవాలి.

రౌటర్లు రెండుంటే? ప్రతిదీ తన ప్రాధాన్యాన్ని తనే ఒక అంకెగా చెప్పుకుంటుంది. పెద్ద అంకెదే గెలుపు. నాకు గుచ్చుకునేది ఇదే. ఇంజనీరింగ్ రోజుల్లో అందరికన్నా గట్టిగా "ఆళ్లగడ్డ" అని అరిచిన జీపెక్కాను. శిరివెళ్లలో దింపేసి "ఇంతవరకే" అన్నాడు. 1999 ఆగస్టులో లాఫ్ట్ అనే అమెరికన్ హ్యాకర్ల బృందం విండోస్ 95, 98లను ఇలాగే మోసం చెయ్యొచ్చని బయటపెట్టింది. అదే నెట్‌వర్క్‌లో ఉన్నవాడెవడైనా రౌటర్‌నని చాటితే చాలు, అవి నమ్మేస్తాయి.

ఈ అడగడం, చాటడం ఐపీవీ6లోనూ కొనసాగాయి. దొంగ చాటింపుల్ని స్విచ్ దగ్గరే ఆపే ఆర్‌ఏ గార్డ్ 2011లో వచ్చింది. అంటే బస్టాండు గేటుకి కాపలా పెట్టారన్నమాట. 1991 నాటి ఇంటర్నెట్ చిన్న ఊరు. చిన్న ఊళ్లో దారి చెప్పేవాణ్ణి ఎవరు అనుమానిస్తారు?