కంప్యూటర్ రేషన్ కార్డు తీసేస్తే జవాబు ఎవరు చెప్పాలి?

రోబో, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనగానే చాలామందికి సినిమాల్లో చూసిన మరమనిషి గుర్తొస్తాడు. పేద కుటుంబాలకు మాత్రం ఏఐ ఎదురయ్యేది రేషన్ షాపు దగ్గర. "మీ కార్డు రద్దయింది" అంటారు. ఎందుకని అడిగితే "సిస్టమ్‌లో అలా చూపిస్తోంది" అన్న జవాబు వస్తుంది. తెలంగాణలో ఇలాంటి వ్యవహారమే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

సమగ్ర వేదిక అంటే ఏమిటి?

తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి వాడుతున్న కంప్యూటర్ వ్యవస్థ పేరు సమగ్ర వేదిక. వాహనాలు, ఆస్తులు, కరెంటు కనెక్షన్లు ఇలా వేర్వేరు శాఖల్లో ఉన్న రికార్డులను ఇది కలుపుతుంది. పేరు, తండ్రి పేరు, చిరునామా పోల్చి చూసి, ఈ రికార్డులన్నీ ఒకే మనిషివని తేలుస్తుంది. కార్డు ఉన్న కుటుంబానికి కారు ఉన్నట్లు కనిపిస్తే అనర్హుల లిస్టులో పడుతుంది. 2018-19 కేంద్ర ఆర్థిక సర్వే దీన్ని మంచి ప్రయత్నంగా చూపింది. బోగస్ కార్డులు ఏరివేయడం అవసరమే. తప్పు జరిగితే ఏమిటన్నదే ప్రశ్న.

పేర్లతోనే చిక్కు

మన ఇళ్లలో ఈ తప్పు ఎలా జరుగుతుందో సులువుగా అర్థమవుతుంది. ఒకే మనిషి ఆధార్‌లో మహమ్మద్, ఓటరు కార్డులో ఎండీ, బ్యాంకు పాసుబుక్కులో మొహమ్మద్. షేక్ కొన్నిచోట్ల ఎస్‌కే అవుతుంది. ఒకే గల్లీలో ఒకే పేరుతో ముగ్గురు ఉంటారు. అలాంటప్పుడు ఒకరి కారు ఇంకొకరి ఖాతాలో పడొచ్చు. పేరు కలవడం వల్ల కారు లేని పేద కుటుంబానికి కారు ఉన్నట్లు నమోదై కార్డు పోయిన ఉదంతాన్ని 2024 జనవరిలో అల్ జజీరా బయటపెట్టింది.

కోర్టు ఏం చెప్పింది?

తెలంగాణలో సుమారు 19 లక్షల కార్డుల రద్దుపై హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ న్యాయపోరాటం చేశారు. రద్దయిన కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. తర్వాత అందిన దరఖాస్తుల్లో 2022 జులై నాటికి 2,05,734 పరిశీలిస్తే 15,471 మంది అర్హులని తేలింది. అంటే వందలో ఏడుగురికి పైగా. వీళ్లు పోగొట్టుకున్న బియ్యానికి లెక్క ఎవరు చెప్తారు?

చట్టం ఎక్కడుంది?

2017లో సౌదీ అరేబియా సోఫియా అనే రోబోకు పౌరసత్వం ఇస్తున్నట్లు ప్రకటించింది. మన చట్టంలో మాత్రం యంత్రం వ్యక్తి కాదు. దానిపై కేసు వేయలేం. కాబట్టి సంతకం పెట్టిన అధికారి, ఆయన వెనక ఉన్న శాఖే జవాబు చెప్పాలి. హక్కు తీసేసే ముందు నోటీసు ఇచ్చి మాట వినాలన్నది సహజ న్యాయ సూత్రం. కంప్యూటర్ వచ్చినంత మాత్రాన అది రద్దు కాదు.

ఏఐ కోసం మన దేశంలో ప్రత్యేక చట్టం ఇంకా లేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సబ్సిడీలు, పథకాల కోసం ప్రభుత్వం ప్రజల సమాచారం వాడుకోవడానికి వీలు కల్పించింది. యంత్రం చేసిన నిర్ణయాన్ని మనిషి మళ్లీ చూడాలని కోరే హక్కు మాత్రం అందులో రాయలేదు. యూరప్‌లో 2024లో వచ్చిన ఏఐ చట్టం, ప్రభుత్వ సాయానికి అర్హులెవరో తేల్చే వ్యవస్థలను ఎక్కువ ప్రమాదం ఉన్నవాటిగా లెక్కిస్తుంది. వాటిపై మనిషి పర్యవేక్షణ తప్పనిసరి.

కార్డు పోతే ఏం చేయాలి?

ముందుగా రద్దుకు కారణం రాతపూర్వకంగా అడగాలి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. ఏ రికార్డు ఆధారంగా, ఏ తేదీన, ఏ అధికారి ఆదేశంతో తీసేశారో, నోటీసు ఇచ్చారో లేదో అడగాలి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

2013 జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి ఫిర్యాదు చేయొచ్చు. అక్కడ న్యాయం జరగకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు ఉంది. రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు.

పాత ఆటో, కారు అమ్మినవాళ్లు ఆర్‌సీ కొన్నవారి పేరు మీదకు మారిందో లేదో చూసుకోవాలి. మారకపోతే రికార్డులో ఓనరు పాతవారే. ఆంధ్రప్రదేశ్‌లోనూ పథకాల అర్హతకు నాలుగు చక్రాల వాహనం, కరెంటు వాడకం లాంటివి పరిశీలించారు కాబట్టి అక్కడివారికీ ఈ జాగ్రత్త అవసరం. ఇంట్లో అందరి పేర్లు, స్పెల్లింగులు అన్ని కార్డుల్లో ఒకేలా ఉండేలా సరిచేయించుకోవాలి.

అయితే స్పెల్లింగ్ తేడా ఉన్నంత మాత్రాన బియ్యం ఆపడం న్యాయం కాదు. ఆ కాగితాల మీద పేర్లు రాసిందీ ఎక్కువగా ఆఫీసుల వాళ్లే. తీసేసే ముందు ఇంటికొచ్చి చూడాల్సిన బాధ్యత కూడా వాళ్లదే.