తుపాకీ ఠాణాది, మనిషిది కాదు

1922 ఆగస్టు 22 నుంచి మూడు రోజుల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయాడు. చింతపల్లిలో తీసుకున్నవాటి లెక్క స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టాడంటారు. దాన్ని ఆయన తెగువకు గుర్తుగా చెప్పుకుంటాం. నాకు అందులో మరో సంగతి కనిపిస్తుంది: పోలీసు తుపాకీ కానిస్టేబులు సొత్తు కాదు, ఠాణా పద్దులోది.

ఆ పద్దు వెనక చట్టం ఉంది. 1878 నాటి ఆయుధాల చట్టం లైసెన్సు లేనిదే జనం తుపాకీ పట్టకూడదంది. ప్రభుత్వోద్యోగికి మినహాయింపిచ్చింది, అదీ విధి నిర్వహణలో ఉన్నంత మేరకే. 1959లో మనం సొంత చట్టం రాసుకున్నా 45వ సెక్షనులో ఆ షరతు నిలిచింది. తెల్లవాడి భయంలోంచి పుట్టిన నియమాన్ని వెనకేసుకు రావడమేమిటని అడగొచ్చు. నిజమే, దాని పుట్టుక మంచిది కాదు. కానీ జనాన్ని అదుపు చేయడానికి గీసిన గీతే ఇవాళ ఖాకీ విప్పినవాడినీ ఆపుతోంది. రాజమండ్రిలోనో భీమవరంలోనో పదవీ విరమణ చేసిన ఎస్సై పాత హోదా చూపి రివాల్వరు పెట్టుకు తిరగలేడు.

మన్యంలో పనిచేసి శత్రువులను మూటగట్టుకున్న అధికారి గతేమిటన్నది గట్టి ప్రశ్నే. అతనికి లైసెన్సు దారి ఉంది. ముప్పు నిజమైతే దొరకొచ్చు. అయితే ఆ లైసెన్సు షరతుల్లోనే, జిల్లా మేజిస్ట్రేటు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప విద్యాసంస్థ ఆవరణలోకి ఆయుధం తేకూడదని ఉంది. బడి పిల్లలకు కాపలా కావాలంటే డ్యూటీలో ఉన్న పోలీసును పంపొచ్చు. అతని తూటాలకు లెక్క ఉంటుంది. అమెరికా వేరే దారి పట్టింది. బడికి 1,000 అడుగుల లోపు తుపాకీ కూడదని 1990లో చట్టం చేసింది, 1995లో సుప్రీంకోర్టు కొట్టేస్తే మరుసటేడు మళ్లీ తెచ్చింది. 2004లో మాత్రం డ్యూటీలో లేని, రిటైరైన పోలీసులు దేశమంతటా తుపాకీ దాచుకు తిరగొచ్చంది. ఈ రెండూ బడి గేటు దగ్గర ఢీకొంటాయి.