ఈథర్నెట్ వలయానికి దొరికిన విరుగుడు

1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ కంప్యూటర్లను ఒకే తీగతో కలిపే ఈథర్నెట్‌కు ప్రాణం పోశారు. పదేళ్లు తిరిగేసరికి ఒక్క తీగ చాలలేదు. ఒక ఈథర్నెట్‌ను మరొకదానితో కలపడానికి డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఇంజనీర్లు బ్రిడ్జి అనే పెట్టె తయారు చేశారు. ఇటు వచ్చిన ప్యాకెట్‌ను అటు పంపడమే దాని పని. నేటి స్విచ్‌లన్నీ దాని సంతానమే.

చిక్కంతా ఇక్కడే మొదలైంది. ఒక తీగ తెగినా పని ఆగకూడదని రెండో దారి వేస్తే వలయం ఏర్పడుతుంది. అందరికీ చేరాల్సిన ప్యాకెట్ అందులో పడిందంటే తిరుగుతూనే ఉంటుంది, దారి చీలిన ప్రతిచోటా పిల్లల్ని పెడుతుంది. క్షణాల్లో నెట్‌వర్క్ మొత్తం స్తంభిస్తుంది. ఎన్ని బ్రిడ్జిలు దాటిందో ప్యాకెట్‌లోనే లెక్క రాద్దామంటే ఆ చోటే లేదు. దాని రూపం అప్పటికే ఖాయమైపోయింది. వలయం పడకుండా తీగలు వేసుకోండని చెబుదామా? అప్పుడు రెండో దారి ఆశ వదులుకోవాలి.

అదే సంస్థలో ఉన్న రేడియా పెర్ల్‌మన్‌కు అసలు బ్రిడ్జి ఆలోచనే నచ్చలేదు. దారి చూపడం రూటర్ల పని అని ఆమె వాదించారు. వాదన నెగ్గలేదు. అయినా ఆ చిక్కును విప్పింది ఆమే కావడం నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. ఒక శుక్రవారం పై అధికారి సమస్య అప్పగించి, నెట్‌వర్క్ ఎంత పెరిగినా పెట్టెలో మెమరీ పెరగకూడదని షరతు కూడా పెట్టి, వారం సెలవుపై వెళ్లారు. జవాబు ఆ రాత్రే తట్టింది! సోమ, మంగళవారాల్లో రాయడం పూర్తయింది. చూపిద్దామంటే అధికారి లేరు, మరో పనిపై మనసు నిలవదు. మిగిలిన వారమంతా ఆ పద్ధతి మీదే ఒక కవిత అల్లుతూ గడిపారు. 1985లో వెలువడిన పరిశోధన పత్రంలో ఆ కవితా అచ్చయింది.

ఆ పద్ధతిని సాగునీటి కాలువలతో పోల్చి చూడొచ్చు. ఎల్లూరు దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు దాటి, కాలువలుగా చీలి కల్వకుర్తి వైపు వస్తాయి. చీలిన కాలువ వెనక్కి వచ్చి మొదటిదానిలో కలవదు. పెర్ల్‌మన్ పద్ధతీ అంతే. బ్రిడ్జిలు చిన్న చిన్న సందేశాలు పంపుకుని తమలో ఒకదాన్ని రూట్‌గా ఎంచుకుంటాయి. ప్రతిదీ రూట్‌కు దగ్గరి దారి తెరిచి ఉంచి, వలయం చేసే పోర్టును మూసేస్తుంది. దారి తెగితే మూసినదే తెరుచుకుంటుంది. ఇదే స్పానింగ్ ట్రీ.

1990లో ఇది ప్రమాణమైంది. అయితే తెగిన దారికి బదులు దారి తెరవడానికి ఒక్కోసారి 50 సెకన్లు పట్టేది. 2001లో వచ్చిన ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ ఆ ఆలస్యాన్ని చాలావరకు తీర్చింది.

ఇప్పుడు కల్వకుర్తిలో ఒక కాలేజీ ల్యాబ్‌కు మేనేజ్డ్ స్విచ్‌లు బిగిస్తే స్పానింగ్ ట్రీ సాధారణంగా దానంతటదే నడుస్తుంది. రూట్‌ను మాత్రం దాని ఇష్టానికి వదలకూడదు. ప్రయారిటీ సంఖ్య అన్నిటికన్నా తక్కువున్న స్విచ్చే రూట్ అవుతుంది. అన్ని స్విచ్‌ల ప్రయారిటీ మొదట 32768గానే ఉంటుంది. సమానమైతే చిన్న మ్యాక్ అడ్రస్ (స్విచ్ గుర్తింపు సంఖ్య) గెలుస్తుంది. అది చాలాసార్లు మూలనున్న పాత స్విచ్‌దే అవుతుంది. అందుకే తెలిసినవాళ్లు ముందుగా మెయిన్ స్విచ్ ప్రయారిటీని 4096కు దించుతారు.