పురానాపూల్ నుండి హేవలాక్ వంతెన దాకా

1987లో నేను రాజమహేంద్రవరంలో కాపురముంటూ, గోదావరి ఆవలిగట్టున కొవ్వూరు వైపు ఒక పాఠశాలలో తెలుగు పండితుడుగా పనిచేసేవాడిని. రోజూ సైకిలు మీద రోడ్డు-రైలు వంతెన దాటవలసిందే. ఒకనాటి సాయంత్రం తొమ్మిదో తరగతి జవాబు పత్రాల కట్ట వెనుక క్యారేజీకి కట్టుకొని వస్తుండగా ఒక లారీ నన్ను రాసుకుంటూ పోయింది. రెయిలింగు మీద పడ్డాను. మోచేయి చీరుకుపోయింది. కట్ట తెగి పత్రాలు కొన్ని గోదావరి పాలయ్యాయి. (ఆ పిల్లలకు మార్కులెలా వేశానని అడగకండి. ఆ ఏడు ఛందస్సు ప్రశ్న అందరికీ వచ్చినట్టే లెక్క.) వెనుకనే వస్తున్న పాలవాడొకడు నన్ను లేవనెత్తి, "పంతులుగారూ, ఈ వంతెన మనబోటివాళ్ళ కోసం కట్టింది కాదండి" అన్నాడు.

ఆ మాట చాలాకాలం నన్ను వదలలేదు. సేతువు అనే పదానికి మూలమైన ధాతువుకు "బంధించుట" అని అర్థం. రెండు గట్లను బంధించేది సేతువు. ఆ గట్ల మీది మనుషులలో కాలినడకవాణ్ణి మాత్రం వదలివేయాలని ఏ నిఘంటువూ చెప్పదు. మరి ఈ అలవాటు ఎప్పటిది?

మన నేల మీది పాత వంతెనలలో పేరెన్నికగన్నది హైదరాబాదులోని పురానాపూల్. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో మూసీపై దీనిని కట్టించాడు. అప్పటికింకా హైదరాబాదు నగరమే లేదు, చార్మినారుకు మరి 13 ఏళ్ళు ఆగాలి. వరదలో గుర్రాన్ని దూకించి భాగమతిని చూడబోయిన కొడుకుమీది బెంగతో తండ్రి ఈ వంతెన కట్టించాడని కథ. కథ మధురమే గాని, లెక్క చూస్తే ఆ రాకుమారునికి అప్పటికి పన్నెండు పదమూడేళ్ళు! గోలకొండ కోటకు ఆవలి ఒడ్డుతో రాకపోకలు అవసరమయ్యాయనుకోవడమే సబబు.

విశేషమేమంటే, సరిగ్గా అదే 1578లో పారిస్‌లో సేన్ నదిమీద మూడవ హెన్రీ ఒక వంతెనకు శంకుస్థాపన చేశాడు. మతయుద్ధాల వల్ల పని నడుమ ఆగి, 1607కు గాని అది పూర్తి కాలేదు. దాని పేరు పోఁ నెఫ్, అంటే కొత్త వంతెన. మనది పేరుకు పాతవంతెన, వారిది పేరుకు కొత్తవంతెన, పుట్టుక మాత్రం ఒకే ఏడు! పారిస్‌లోని అంతకు మునుపటి పెద్ద వంతెనలకు ఇరువైపులా ఇళ్ళూ అంగళ్ళూ ఉండి, నడుమ జనం బళ్ళచక్రాల కింద నలిగేవారు. ఈ వంతెన మీద ఇళ్ళు కట్టనివ్వలేదు. పైగా రెండు అంచులా ఎత్తైన నడకబాటలు వేశారు. పారిస్ నగరంలో బండి తోవకూ మనిషి తోవకూ అలా ఎడం పెట్టిన మొదటి వంతెన అదే. తరువాత గోలకొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే పురానాపూల్‌ను చూచి, అందంలో పోఁ నెఫ్‌కు ఏమంత తీసిపోదని రాశాడు. ఆయనకు మన వంతెన అందం కనబడింది. నాకు మాత్రం వారి వంతెన అంచులే కంటికింపుగా తోస్తాయి.

1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి నగరంలోని తక్కిన మూడు వంతెనలను తుడిచిపెట్టినప్పుడు, రెండు గట్లనూ కలిపి నిలిచినది ఈ ముసలి పురానాపూలే. దరిమిలా పక్కన వాహనాలకు వేరే వంతెన వచ్చాక దానిమీద కూరగాయల అంగళ్ళు వెలిశాయి. నడిచేవారికి వంతెన దక్కిందంటే, బళ్ళకు పనికిరానిదయ్యాకనే.

న్యూయార్కు బ్రూక్లిన్ వంతెన కథ వేరు. 1883 మే 24న తెరచిననాడే దాని నడుమ, బళ్ళ బాటల కంటె ఎత్తున, పాదచారులకు విశాలమైన బాట ఉన్నది. రూపకర్త జాన్ రోబ్లింగ్ పని మొదలుకాకముందే 1869లో మరణించాడు, కొడుకు వాషింగ్టన్ పునాదుల పనిలో రోగగ్రస్తుడైనాడు, కోడలు ఎమిలీ దగ్గరుండి నెరవేర్పించింది. ఇన్ని కష్టాలలోనూ ఎవరూ ఆ నడకబాటను తగ్గించలేదు. అయితే సైకిళ్ళవారూ నడిచేవారూ ఒకే బాటమీద ఒరుసుకోవలసి వచ్చేది. చివరకు 2021 సెప్టెంబరులో కార్లు పోయే వరుసనొకదానిని తీసివేసి సైకిళ్ళకిచ్చారు. వెడల్పు చేయడానికి వీలులేని వంతెన మీద ఒకరికి ఇవ్వాలంటే మరొకరినుండి తీసుకోక తప్పదు. మనవారు జంకేది అక్కడే.

మళ్ళీ మా గోదావరికి వస్తాను. 1897లో మొదలుపెట్టి 1900లో రైళ్ళు నడిపించిన హేవలాక్ వంతెన 56 కమ్మీలతో సుమారు 2.7 కిలోమీటర్ల పొడవున ఉన్నది. రోడ్డు-రైలు వంతెన 1974లో వచ్చింది. 1997లో హేవలాక్ వంతెనకు విశ్రాంతినిచ్చారు. 2015లో మరొక రోడ్డు వంతెన తెరిచారు. ఇన్ని వంతెనలున్నా, కొవ్వూరు నుండి సైకిలుమీద వచ్చే పాలవానికి లారీల నడుమ దారే మిగిలింది.

అఖండ గోదావరి పథకంలో భాగంగా హేవలాక్ వంతెనను పర్యాటక స్థలంగా తీర్చిదిద్దుతామని 2025 జూన్‌లో శంకుస్థాపన చేశారు. సంతోషమే. సందర్శకులు రావలసిందే, ఫోటోలు దిగవలసిందే. నా విన్నపమొకటి. ఈ గట్టునుండి ఆ గట్టుదాకా, తెగకుండా, రుసుము లేకుండా, ఒక వరుస సైకిళ్ళకూ నడకకూ వదలండి. టిక్కెట్టు గది పెట్టి గేటు వేస్తే మాత్రం, అది ఎన్నింటికి తెరుస్తారో ముందుగా చెప్పండి. పాలవాళ్ళు నాలుగున్నరకే బయలుదేరతారు.