బహిరంగ ఆయుధధారణ - ప్రజల స్పందన

బహిరంగ ఆయుధధారణ (ఓపెన్ క్యారీ) అనగా పిస్తోలు, రివాల్వరు వంటి చేతి తుపాకులను ఇతరులకు కనబడేటట్లు నడుముకు కట్టుకొని బహిరంగ ప్రదేశాలలో సంచరించడం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అనేక రాష్ట్రాలు దీనిని అనుమతిస్తున్నాయి. అయితే చట్టం అనుమతించినంత మాత్రాన ఆ దృశ్యాన్ని చూసినవారందరూ దానిని సహజమైన విషయంగా స్వీకరించడం లేదు. ఒకే తుపాకిని చూసి ఒకరు ధైర్యం పొందుతారు, మరొకరు భయపడి పోలీసులకు ఫోను చేస్తారు. తుపాకి ధరించడం నేరమా కాదా అన్న ప్రశ్నకు చట్టం సమాధానం చెప్పగలదు గాని, దానిని ధరించిన వ్యక్తి ఉద్దేశమేమిటన్న ప్రశ్నకు చెప్పలేదు. ఎదుట నిలిచిన సామాన్యునికి కావలసినది ఈ రెండవ సమాధానమే. ప్రజల స్పందనలో కనిపించే వైవిధ్యానికి ఇదే మూలం.

పద్ధతులు, చట్టాలు

అమెరికాలో తుపాకి ధారణ రెండు విధాలు. దుస్తుల చాటున, ఇతరుల కంట పడకుండా ధరించడం మొదటిది. దీనిని కన్సీల్డ్ క్యారీ అంటారు. ఒర (హోల్‌స్టరు)లో ఉంచి పైకి కనబడేటట్లు ధరించడం రెండవది. ఒరలో ఉన్న తుపాకి, చేతిలోకి తీసి ఎవరి మీదికైనా చూపిన తుపాకి చట్టం దృష్టిలో ఒకటి కావు. మొదటిది అనుమతించిన రాష్ట్రాలలో కూడా రెండవది నేరమే.

1791లో అమలులోకి వచ్చిన రాజ్యాంగ రెండవ సవరణ ఆయుధ హక్కుకు ఆధారం. ఇంటిలో ఆత్మరక్షణకు చేతి తుపాకి ఉంచుకోవడం వ్యక్తిగతమైన హక్కు అని సుప్రీం కోర్టు 2008లో తీర్పు చెప్పింది. ఈ హక్కు ఇంటి వెలుపల కూడా వర్తిస్తుందని 2022 జూన్‌లో మరొక తీర్పు వెలువడింది. అయినప్పటికీ ఏ పద్ధతిలో, ఏయే చోట్ల ధరించవచ్చుననే విషయంలో రాష్ట్రాల చట్టాలు ఒకే తీరుగా లేవు. 2024 నాటికి 29 రాష్ట్రాలలో అర్హత గల వయోజనులు లైసెన్సు లేకుండానే చేతి తుపాకి ధరించే వీలు ఏర్పడింది. ఫ్లోరిడాలో 1987 నుంచి అమలులో ఉన్న బహిరంగ ధారణ నిషేధం రాజ్యాంగ విరుద్ధమని 2025 సెప్టెంబరులో అక్కడి అప్పీలు న్యాయస్థానం ఒకటి తీర్పు ఇచ్చింది. ఇల్లినాయ్ రాష్ట్రం మాత్రం 2013లో చేసిన చట్టం ద్వారా తుపాకిని దాచి ధరించడానికే లైసెన్సు ఇస్తుంది.

చరిత్ర

ఈనాడు బహిరంగ ధారణ పట్ల వ్యక్తమయ్యే అసౌకర్యం మొదటినుంచీ ఉన్నది కాదు. 19వ శతాబ్దంలో ప్రజల భావన ఇందుకు దాదాపు విరుద్ధంగా ఉండేది. ఆయుధాన్ని పైకి కనబడేటట్లు ధరించినవాడు నిష్కపటి అనీ, దాచుకున్నవాడు దొంగదెబ్బ తీసే కుటిలుడనీ దక్షిణాది రాష్ట్రాలలో భావించేవారు. కెంటకీ, లూసియానా రాష్ట్రాలు 1813లోనే దాచిన ఆయుధాలను నిషేధించాయి. అటువంటి నిషేధాలను సమర్థిస్తూ, బహిరంగంగా ధరించే హక్కును మాత్రం కాపాడుతూ జార్జియా (1846), లూసియానా (1850) న్యాయస్థానాలు తీర్పులు ఇచ్చాయి.

పశ్చిమ సరిహద్దు పట్టణాలలో పరిస్థితి వేరు. సినిమాలలో చూపినట్లుగా అక్కడ ప్రతివాడూ వీధులలో తుపాకితో తిరిగే స్వేచ్ఛ ఉండేది కాదు. అరిజోనాలోని టూంబ్‌స్టోన్ పట్టణం 1881 ఏప్రిల్‌లో పట్టణ పరిధిలో ఆయుధధారణను నిషేధించింది. వచ్చినవారు తమ తుపాకులను అప్పగించి పట్టణంలోకి వెళ్ళవలసి వచ్చేది. అదే సంవత్సరం అక్టోబరు 26న జరిగిన ప్రసిద్ధమైన ఓ.కె. కొరాల్ కాల్పులకు ఈ నిబంధన అమలు కూడా ఒక కారణం. టెక్సస్ రాష్ట్రం 1871లోనే చేతి తుపాకుల ధారణపై కఠినమైన ఆంక్షలు విధించింది.

20వ శతాబ్దంలో ముఖ్యమైన ఘట్టం కాలిఫోర్నియాలో జరిగింది. 1966లో ఓక్లండ్ నగరంలో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ స్థాపించిన బ్లాక్ పాంథర్ పార్టీ సభ్యులు నల్లజాతివారిపై పోలీసుల ప్రవర్తనను గమనించడానికి ఆయుధాలు ధరించి వీధులలో తిరిగేవారు. అప్పటి చట్టం ప్రకారం అది నేరం కాదు. దీనిని ఆపడానికి శాసనసభ్యుడు డాన్ మల్‌ఫర్డ్ బిల్లు ప్రవేశపెట్టగా, 1967 మే 2న సుమారు 30 మంది పార్టీ సభ్యులు, వారిలో పలువురు తుపాకులతో, శాక్రమెంటోలోని శాసనసభా భవనానికి వెళ్ళారు. ఆ దృశ్యం దేశమంతటా సంచలనం కలిగించింది. అదే సంవత్సరం గవర్నరు రొనాల్డ్ రీగన్ బిల్లుపై సంతకం చేయగా, గుండ్లు నింపిన తుపాకిని బహిరంగ స్థలాలలో ధరించడం నిషిద్ధమైంది.

ఉద్యమ రూపం

21వ శతాబ్ద ప్రారంభంలో కొందరు తుపాకి హక్కులవారు బహిరంగ ధారణను ఒక ఉద్యమంగా చేపట్టారు. దాచి ధరించడంపై గల నిషేధం చెల్లుతుందని ఒహైయో సుప్రీం కోర్టు 2003లో తీర్పు చెప్పింది. బహిరంగ ధారణ మాత్రం నిషిద్ధం కానందున, ఉద్యమకారులు తుపాకులు పైకి కనబడేటట్లు ధరించి వివిధ పట్టణాలలో గుంపుగా నడిచారు. ఇటువంటి దృశ్యాలు ప్రజలకు ఇబ్బంది కలిగిస్తాయనీ, కావున దాచి ధరించడానికే అనుమతి ఇస్తే మేలనీ నిరూపించడం వారి ఉద్దేశం. 2004లో ఆ రాష్ట్రం అందుకు లైసెన్సు చట్టం చేసింది. ఇక్కడ ప్రజల అసౌకర్యమే ఉద్యమానికి సాధనం కావడం గమనార్హం.

2010 ప్రాంతంలో కాలిఫోర్నియాలో గుండ్లు లేని పిస్తోళ్ళు ధరించి కాఫీ దుకాణాలలో సమావేశం కావడం మొదలైంది. తుపాకిలో గుండ్లు ఉన్నాయో లేవో పరీక్షించే అధికారం పోలీసులకు ఉండేది గాని, పక్క బల్ల వద్ద కూర్చున్న వారికి ఆ అవకాశం లేదు. ప్రజలనుంచి వచ్చిన ఫిర్యాదుల నేపథ్యంలో గవర్నరు జెర్రీ బ్రౌన్ 2011లో సంతకం చేసిన చట్టం ద్వారా, 2012 జనవరి 1 నుంచి గుండ్లు లేని చేతి తుపాకుల బహిరంగ ధారణ కూడా నిషిద్ధమైంది. హక్కును చాటడానికి చేసిన ప్రదర్శన ఒహైయోలో చట్టాన్ని సడలింపజేయగా, కాలిఫోర్నియాలో బిగింపజేసింది.

స్పందనలోని రకాలు

సాధారణంగా ప్రజల స్పందన ఈ క్రింది విధాలుగా ఉంటుంది.

1. గమనించకపోవడం: అరిజోనా వంటి రాష్ట్రాలలో, ముఖ్యంగా గ్రామీణ ప్రాంతాలలో, నడుముకు పిస్తోలు కట్టుకున్న రైతునో వేటగాణ్ణో చూసి ఆశ్చర్యపడేవారు తక్కువ. అలవాటైన దృశ్యం కంటికి ఆనదు.

2. మెచ్చుకోలు: తుపాకి హక్కును సమర్థించేవారు ధరించిన వ్యక్తిని పలకరించి అభినందించడం కలదు. ఆపద వస్తే ఆదుకొనే మనిషి దగ్గరలో ఉన్నాడన్న భరోసా వారిది.

3. తప్పుకొనడం: ఏమీ మాట్లాడక, పిల్లలను తీసుకొని దుకాణంనుంచి వెళ్ళిపోయేవారు కలరు. వీరి స్పందన ఎక్కడా నమోదు కాదు.

4. ఫిర్యాదు: యజమానికి చెప్పడం, అత్యవసర సేవల 911 నంబరుకు ఫోను చేయడం.

స్థలాన్ని బట్టి కూడా స్పందన మారుతుంది. అడవి దారిలో సహజమనిపించినది ఆసుపత్రిలోనో పాఠశాల ముంగిటనో అనిపించదు. రాజకీయ సభల వద్ద ఈ ఉద్రిక్తత మరింత ఎక్కువ. 2009 ఆగస్టులో అధ్యక్షుడు ఒబామా పాల్గొన్న న్యూ హాంప్‌షైర్ సభకు వెలుపల ఒక వ్యక్తి కాలికి పిస్తోలు కట్టుకొని నిలబడ్డాడు. అది అక్కడి చట్టానికి విరుద్ధం కాకపోయినా దేశవ్యాప్తంగా చర్చకు దారితీసింది. 2020 ఏప్రిల్ 30న మిషిగన్ శాసనసభా భవనంలోకి కొందరు నిరసనకారులు తుపాకులతో ప్రవేశించినపుడు కొందరు శాసనసభ్యులు గుండు దూరని కవచాలు ధరించారు. 2021 జనవరిలో ఆ భవనంలో బహిరంగ ధారణను నిషేధించారు.

పోలీసుల సందిగ్ధం

911కు వచ్చిన ఫోను పోలీసులను ఇరకాటంలో పెడుతుంది. వెళ్ళి నిర్బంధిస్తే హక్కుకు భంగం, వెళ్ళకపోతే ప్రాణాలకు ముప్పు. 2010లో ఒహైయోలోని టొలీడో నగరంలో ఒక వ్యక్తి ఒరలో పిస్తోలుతో, కుటుంబంతో కలిసి కుక్కను నడిపించుకుంటూ వెళుతుండగా, ఒక మోటారు సైకిలుదారు ఆగి అభ్యంతరం చెప్పి, తరువాత 911కు ఫోను చేశాడు. వచ్చిన పోలీసు అధికారి ఆ వ్యక్తిని నిర్బంధించాడు. చట్టం అనుమతించిన రాష్ట్రంలో తుపాకి కనబడటం ఒక్కటే నిర్బంధానికి చాలిన కారణం కాదని ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం 2015లో స్పష్టం చేసింది.

అదే సంవత్సరం అక్టోబరు 31న కొలరాడో స్ప్రింగ్స్ నగరంలో దీనికి విషాదకరమైన మరొక పార్శ్వం కనబడింది. రైఫిలుతో తిరుగుతున్న వ్యక్తిని చూసి ఒక మహిళ 911కు ఫోను చేయగా, ఆ రాష్ట్రంలో బహిరంగ ధారణకు అనుమతి ఉన్నదని అవతలి ఉద్యోగి తెలిపారు. కొద్దిసేపటికి ఆ వ్యక్తి ముగ్గురిని కాల్చి చంపాడు. టొలీడోలో ఫోను చేసినవాని భయం నిరాధారం. కొలరాడోలో ఫోను చేసినామె భయం నిజం. కాని ఫోను చేసిన క్షణంలో వారిద్దరికీ కనబడినది తుపాకి మాత్రమే.

2016 జూలై 7న డల్లస్ నగరంలో ఒక ఊరేగింపు సమయంలో అయిదుగురు పోలీసులు హతులయ్యారు. ఊరేగింపులో రైఫిలు ధరించి పాల్గొన్న ఒక నిరపరాధిని మొదట అనుమానితునిగా ప్రకటించి, అతని చిత్రాన్ని ప్రచారం చేశారు. అందరి వద్దా తుపాకులు ఉంటే కాల్పులు మొదలైన తరువాత మంచివారెవరో చెడ్డవారెవరో తెలుసుకొనడం దుస్సాధ్యమని నాటి పోలీసు అధిపతి డేవిడ్ బ్రౌన్ అన్నారు.

ధరించిన వ్యక్తిని బట్టి భేదం

చట్టం అందరికీ ఒకటే అయినా చూపు అందరి మీదా ఒకటిగా ఉండదన్న విమర్శ బలంగా ఉంది. బహిరంగ ధారణను అనుమతించే ఒహైయోలో 2014 సంవత్సరంలో జరిగిన రెండు సంఘటనలను ఇందుకు ఉదాహరణగా చూపుతారు. ఆగస్టులో బీవర్‌క్రీక్ పట్టణంలోని ఒక దుకాణంలో అమ్మకానికి ఉంచిన గాలి తుపాకిని చేతపట్టుకొని తిరుగుతున్న 22 ఏండ్ల నల్లజాతి యువకుని, 911 ఫోనుపై వచ్చిన పోలీసులు కాల్చి చంపారు. నవంబరులో క్లీవ్‌లండ్ నగరంలో బొమ్మ పిస్తోలుతో ఆడుకొంటున్న 12 ఏండ్ల నల్లజాతి బాలుడు అదే విధంగా మరణించాడు. అది బహుశా బొమ్మ తుపాకి అయి ఉండవచ్చునని ఫోను చేసినవారు చెప్పిన మాట అక్కడికి వెళ్ళిన పోలీసులకు అందలేదు. వీరిద్దరూ బహిరంగ ధారణ చేసినవారు కారు. అయినా తుపాకి ఆకారం కనబడినంతనే కలిగే భయం ఎవరి ప్రాణం మీదికి వస్తుందో ఈ సంఘటనలు తెలుపుతున్నాయి.

వ్యాపార సంస్థలు

ప్రైవేటు స్థలాలలో తుపాకులను అనుమతించడం సాధారణంగా యజమాని ఇష్టం. మొదట్లో స్థానిక చట్టమే తమ విధానమని చెప్పిన స్టార్‌బక్స్ సంస్థ, దుకాణాలలో ప్రదర్శనలు పెరగడంతో 2013 సెప్టెంబరులో తుపాకులు తీసుకురావద్దని వినియోగదారులను కోరింది. సంస్థ అధిపతి హోవర్డ్ షుల్జ్ దీనిని నిషేధంగా కాక అభ్యర్థనగా ప్రకటించారు. ఆయుధధారిని బయటికి పొమ్మని చెప్పే ప్రమాదకరమైన పని ఉద్యోగులపై పడకూడదన్నది ఒక కారణం. 2014లో చిపోట్లే, టార్గెట్ సంస్థలు, 2019లో ఎల్ పాసో నగర కాల్పుల అనంతరం వాల్‌మార్ట్ సంస్థ ఇదే బాట పట్టాయి.

టెక్సస్‌లో 2016 జనవరి 1 నుంచి లైసెన్సుదారులకు చేతి తుపాకుల బహిరంగ ధారణ అనుమతించబడింది. తుపాకులు వద్దనుకునే యజమానులు ప్రవేశద్వారం వద్ద చట్టం నిర్దేశించిన పాఠాన్ని ఆంగ్లం, స్పానిష్ భాషలలో కనీసం ఒక అంగుళం ఎత్తు గల అక్షరాలతో ప్రదర్శించాలి. బహిరంగ ధారణకు సంబంధించిన ఫలకాన్ని శిక్షాస్మృతి సెక్షను సంఖ్యను బట్టి "30.07" అంటారు. డల్లస్, హ్యూస్టన్ పరిసరాలలో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలకు ఈ ఫలకాలు పరిచితమే. 2021 సెప్టెంబరు 1 నుంచి ఆ రాష్ట్రంలో లైసెన్సు అవసరం కూడా తొలగింది.

అధ్యయనాలు

తుపాకి కనబడటమే మనిషి ప్రవర్తనను మారుస్తుందా అన్న విషయంపై 1967లో లియొనార్డ్ బెర్కోవిట్జ్, ఆంథొనీ లెపేజ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. అప్పటికే కోపంతో ఉన్న విద్యార్థులు, బల్లపై తుపాకులు కనబడినపుడు ఎదుటివారికి ఎక్కువ విద్యుదాఘాతాలు ఇచ్చారని అందులో తేలింది. దీనికి ఆయుధ ప్రభావం అని పేరు. తరువాతి ప్రయోగాలన్నీ ఒకే ఫలితాన్ని ఇవ్వనందున దీనిపై వివాదం ఉన్నది.

2015లో జరిపిన ఒక జాతీయ సర్వేలో, పేర్కొన్న ఏ బహిరంగ స్థలంలోనైనా తుపాకి ధారణను సమర్థించిన వయోజనులు మూడింట ఒక వంతు కన్నా తక్కువే. పాఠశాలల విషయంలో 19 శాతం, మద్యశాలల విషయంలో 18 శాతం, క్రీడాస్థలాల విషయంలో 17 శాతం మంది మాత్రమే సమర్థించారు. తుపాకులు గలవారిలో సమర్థన ఎక్కువగా ఉన్నది. ఈ సర్వే దాచి ధరించడం, బహిరంగంగా ధరించడం అన్న భేదం చూపలేదు.

భారతదేశంతో పోలిక

భారతదేశంలో ఆయుధధారణ 1959 ఆయుధ చట్టం క్రింద లైసెన్సుకు లోబడిన అనుమతియే గాని రాజ్యాంగ హక్కు కాదు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బహిరంగ స్థలంలో చేతి తుపాకిని ఒరలో, పైకి కనబడకుండా కప్పి ఉంచుకోవాలి. అనగా 19వ శతాబ్దపు అమెరికా దక్షిణాది రాష్ట్రాలు ఏది నేరమన్నాయో అదే ఇక్కడ నియమం. వివాహాది ఉత్సవాలలో గాలిలోకి కాల్చడాన్ని 2019 సవరణ చట్టం శిక్షార్హం చేసింది. ఎన్నికల వేళ లైసెన్సు ఆయుధాలను పోలీసు ఠాణాలలో అప్పగించమని ఆదేశించడం పరిపాటి.

తెలుగునాట సామాన్యునికి పైకి కనబడే తుపాకి అంటే పోలీసు, బ్యాంకు కాపలాదారు, లేదా నాయకుని వెంట నడిచే గన్‌మెన్. అక్కడ తుపాకి కన్నా ముందు యూనిఫారమో, పక్కనున్న నాయకుడో దానిని ఎవరు, ఎందుకు ధరించారో చెబుతారు. అమెరికాలో బహిరంగ ధారణ చేసిన పౌరుని విషయంలో అలా చెప్పే గుర్తు ఏదీ ఉండదు. అక్కడి ప్రజల స్పందనను అర్థం చేసుకొనడానికి ఈ భేదం తోడ్పడుతుంది.