భూమి కొలతల తవారీఖ్‌లో మీర్ మొహ్సిన్

లాల్‌గడి మలక్‌పేట్‌లోనైనా, శామీర్‌పేటలోనైనా భూమి ముచ్చట వస్తే ఉర్దూ మాట రాక తప్పదు. నక్షా, పహాణీ, సేత్వార్, పైమాయిష్. నిజాం జమానా దఫ్తర్ల జబాన్ అది. హిందువులూ, ముసల్మాన్లూ అందరూ అవే మాటలు వాడతారు. గట్టు తగాదాలో కొలతే గవాహీ. కొలత తప్పితే గరీబువాడి హక్కు పోతుంది.

నేలకు పొడవు, వెడల్పే కాదు, ఎత్తు కూడా కొలుస్తారు. రైల్వే స్టేషన్ బోర్డు మీద ‘సముద్ర మట్టానికి ఇన్ని మీటర్లు’ అని రాసి ఉంటుంది. సమందర్ ఎక్కడో, మన దక్కన్ రాళ్ళెక్కడో! అయినా లెక్క మొదలయ్యేది అక్కడి నుంచే. ఈ లెక్క వెనక ఎందరి మెహనత్ ఉందో మన పిల్లలకు తెలియాలి.

11వ శతాబ్దంలో అల్‌బిరూనీ పంజాబ్‌లోని నందనా ఖిల్లా దగ్గర కొండ ఎత్తు కొలిచాడు. ఆ కొండ మీది నుంచి దిగంతం ఎంత కిందికి కనిపిస్తుందో చూసి, ఆ రెండింటితో భూమి పరిమాణం లెక్కగట్టాడు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసులో త్రికోణమితి సర్వే మొదలుపెట్టాడు. 1815లో ఆ సర్వే నిజాం రాజ్యంలోని బీదర్ దగ్గర ఆధార రేఖ కొలిచింది. లాంబ్టన్ తర్వాత పగ్గాలు జార్జ్ ఎవరెస్ట్ చేతికొచ్చాయి.

కోణాలు కొలిచే థియోడొలైట్ పాడైతే సర్వే మొత్తం ఆగినట్టే. బాగుచేయడానికి విలాయత్ పంపితే ఓడ ప్రయాణానికే నెలలు. అక్కడ ఆదుకున్న కారీగర్ ఆర్కాట్‌కు చెందిన సయ్యద్ మీర్ మొహ్సిన్. మద్రాసులో నగల దుకాణంలో పనిచేసిన హునర్ ఆయనది. ఇంగ్లిష్ నిపుణుడు హెన్రీ బారో వెళ్ళిపోయాక, 1843లో సర్వేకు గణిత పరికరాల నిర్మాత పదవి మొహ్సిన్‌కే దక్కింది. ఎవరెస్ట్ పేరు శిఖరానికెక్కింది. మొహ్సిన్ పేరు మన ఇళ్ళలో కూడా వినబడదు.

తర్వాత తీరంలోని తొమ్మిది కేంద్రాల్లో అలల మట్టం ఏళ్ళ తరబడి నమోదు చేసి, 1909లో దేశం ఎత్తులన్నిటికీ ఒకే ఆధారం స్థిరపరిచారు. వాటిలో మద్రాసు, విశాఖపట్నం ఉన్నాయి.

ఆ ఇల్మ్ ఇప్పుడు జాన్ కాపాడుతోంది. 2004 డిసెంబర్ 26న సునామీ రెండు లక్షలకు పైగా ప్రాణాలు తీసింది. హిందూ మహాసముద్రంలో అప్పుడు హెచ్చరించే వ్యవస్థే లేదు. 2007 నుంచి మన మేడ్చల్ జిల్లా ప్రగతి నగర్‌లోని ఇంకాయిస్ సునామీ హెచ్చరిక కేంద్రం రాత్రింబగళ్ళు పనిచేస్తోంది. భూకంపం రాగానే, సముద్రం అడుగున నీటి ఒత్తిడి ఎంతో, తీరంలో నీటి మట్టం ఎంతో చూసి ఖబర్ పంపుతుంది. చేపలు దొరికే చోట్లను కూడా ఉపగ్రహాల సాయంతో గుర్తించి బెస్తవాళ్ళకు చెబుతుంది.

సమందర్ కనబడని జిల్లా నుంచి సమందర్ ఒడ్డు జనానికి ఖిద్మత్ జరుగుతోంది. మీ పిల్లల చేతికి స్క్రూడ్రైవర్ దొరికి గడియారం విప్పితే వెంటనే కసురుకోకండి. మీర్ మొహ్సిన్ ఎవరో చెప్పండి.